బోసెమానీ రెయిన్‌బోకి రంగు ఎప్పుడొస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఒక షాపులో ఫోటో చూసి ఆరు బోసెమానీ రెయిన్‌బో అక్వేరియం చేపలు కొన్నారు. ముందు సగం నీలం, వెనక సగం నారింజ రంగులో ఉంటాయన్నారు. నాలుగు నెలలైనా అవి వెండి రంగులోనే తిరుగుతున్నాయి. ట్యాంక్ రెండడుగులది, నీళ్లు బోర్‌వి. షాపతను రంగు తెప్పించే మేత, అదే కలర్ ఫుడ్, కొనమన్నాడు, తెలిసినాయన లవణాలు తీసేసిన ఆర్ఓ నీళ్లు పొయ్యమన్నారు. మోసపోయానా, ఇప్పుడేం చెయ్యాలి అని అడిగారు.

మీరు మోసపోయారని నేననుకోను. కలర్ ఫుడ్ కొనకండి. ఆర్ఓ అసలే వద్దు. డబ్బు పెట్టాల్సింది ట్యాంక్ మీద. మిగతాదంతా కొంత వయసు, కొంత సావాసం. ఎందుకో అర్థం కావాలంటే ఈ చేప ఎక్కడిదో, ఆ రంగు దానికి దేనికి పనికొస్తుందో చెప్పాలి. కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి.

న్యూగినీ ద్వీపాన్ని మ్యాపులో చూస్తే పడమటి కొస పక్షి తలలా ఉంటుంది. దాన్ని పక్షి తల ద్వీపకల్పం అనే అంటారు. ఇప్పుడది ఇండోనేషియాలో భాగం. ఆ తల మధ్యలో, సున్నపురాతి కొండల నడుమ అయమారు సరస్సులున్నాయి, భూమధ్యరేఖకి డిగ్రీ చిల్లర దక్షిణంగా. ఆ సరస్సులు, వాటి చుట్టుపక్కల వాగులు, ఇంకాస్త అవతల ఉన్న అయితిన్జో సరస్సు, బోసెమానీకి సొంతూరు అంతే. ప్రపంచంలో ఇంకెక్కడా ఇది సహజంగా ఉండదు.

సున్నపురాతి నేలలో వాన నీరు రాయిని కరిగించుకుంటూ దిగుతుంది. కాబట్టి అక్కడి నీళ్లు గట్టివి, అంటే సున్నం ఎక్కువ కరిగినవి, కొంచెం క్షారం వైపు ఉంటాయి, తేటగా కూడా ఉంటాయి. ఒడ్డు వెంబడి లోతు తక్కువ, నీటిమొక్కలు దట్టం. బోసెమానీలు తిరిగేది ఆ మొక్కల అంచుల్లోనే. ఎండ నేరుగా అడుగుదాకా దిగే నీళ్లలో ఒక చేపను ఇంకో చేప దూరం నుంచే చూడగలదు. అందుకే ఇక్కడ మగ చేప తన సంగతంతా రంగుతోనే చెప్పుకుంటుంది. బురద నీళ్లలో పుట్టిన చేపకి ఈ హంగు దండగ.

మీ తెలిసినాయన ఆర్ఓ అన్నది బహుశా టెట్రాలు, డిస్కస్ పెంచే అలవాటుతో. అమెజాన్ చేపలకి మన బోర్ నీళ్లు తలనొప్పే. బోసెమానీకి మాత్రం అవి పుట్టింటి నీళ్లకు దగ్గరగా ఉంటాయి. ఆర్ఓ పెట్టి, దానికోసం బకెట్లకొద్దీ నీళ్లు పారబోసి, చివరికి చేపకి అలవాటు లేని మెత్తటి నీళ్లు ఇవ్వడం ఎందుకు?

ఇంకో విషయం. ఈ చేప వీపు మీద జాగ్రత్తగా చూడండి, ఒకటి కాదు, రెండు రెక్కలుంటాయి. ముందుది చిన్నది, వెనకది పొడుగు. మన బొచ్చె, రోహు, పరిగెలన్నీ కార్ప్ కుటుంబానివి, వాటికి వీపు మీద రెక్క ఒకటే. రెయిన్‌బోల వంశం వేరు. సముద్రంలో గుంపులుగా తిరిగే సిల్వర్‌సైడ్ చేపలు వీటికి చుట్టాలు. మన వైపు మంచినీటి కార్ప్ చేపలు ఇండోనేషియా పడమటి దీవుల దాకా వెళ్లగలిగాయి గానీ మధ్యలో లోతైన సముద్రం దాటి న్యూగినీ చేరలేకపోయాయి. ఆ ఖాళీగా ఉన్న వాగుల్లోకి, సరస్సుల్లోకి ఉప్పునీటి వంశాల చేపలు వచ్చి స్థిరపడ్డాయి. న్యూగినీ, ఆస్ట్రేలియాల్లో రెయిన్‌బోలు నూటికి పైగా జాతులుగా విడిపోయింది అలాగే. ఒక్కో లోయ, ఒక్కో సరస్సు, దానికో జాతి.

ఇక పేరు సంగతి. మారినస్ బోసెమాన్ అనే డచ్ చేపల శాస్త్రవేత్త 1954–55లో ఆ ప్రాంతానికి వెళ్లి చేపలు సేకరించాడు. అప్పటికి పడమటి న్యూగినీ నెదర్లాండ్స్ చేతిలోనే ఉంది. ఆ నమూనాలు లైడెన్ మ్యూజియంకి చేరి సీసాల్లో ఉండిపోయాయి. మందు ద్రవంలో వేసిన చేపకి రంగు నిలవదని మీకు తెలుసు కదా. పాతికేళ్ల తర్వాత, 1980లో, జెరాల్డ్ అలెన్, నార్బర్ట్ క్రాస్ అనే చేపల శాస్త్రవేత్తలు ఆ నమూనాలను పరిశీలించి ఇది కొత్త జాతి అని తేల్చి బోసెమాన్ పేరు పెట్టారు. రెక్కల్లో ముళ్లు, పొలుసుల వరసలు లెక్కపెట్టి కట్టిన నిర్ణయం అది. చేప బతికున్నప్పుడు ఎలా ఉంటుందో బయటి ప్రపంచానికి తెలిసింది 1982లో అలెన్, అక్వేరియం చేపల అన్వేషకుడు హైకో బ్లేహర్ అయమారు వెళ్లాకే. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఇది అక్వేరియం లోకమంతా పాకింది.

పాకిన తీరు మాత్రం బాగాలేదు. 1989 ప్రాంతంలో నెలకి 60,000 దాకా మగ చేపలను అక్కడి నుంచి పట్టి ఎగుమతి చేసేవారని అలెన్ అంచనా. మగవే ఎందుకంటే రంగున్నవి అవే, డబ్బులొచ్చేవి అవే. ఒక చిన్న సరస్సుల గుంపులోంచి మగ చేపలనే ఏరుకుంటూ పోతే ఏమవుతుందో ఊహించుకోండి. దానికి తోడు బయటి నుంచి తెచ్చి వదిలిన కార్ప్ చేపలు అడుగు బురద తవ్వి మొక్కలను పాడుచేస్తాయి, గుడ్లు పెట్టడానికి చోటు ఉండదు. అంతరించే ముప్పున్న జీవులను లెక్కగట్టే ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో బోసెమానీ ఇప్పుడు ప్రమాదంలో ఉన్న జాతి. మీ షాపులో దొరికినవి దాదాపు ఖాయంగా ఫారంలో పుట్టినవే, ఆ విషయంలో మీరేమీ బాధపడక్కర్లేదు. మన దేశంలో రంగుచేపల పెంపకం, వ్యాపారం చెన్నై కొలత్తూరు, కోల్‌కతా చుట్టుపక్కల బాగా జరుగుతుంది. మన షాపులకి సరుకు ఎక్కువగా వచ్చేది ఆ దారుల్లోనే.

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. బోసెమానీలో రెండు రంగులు రెండు రకాలుగా పుడతాయి. ముందు భాగంలో నీలం అసలు పిగ్మెంట్, అంటే రంగు పదార్థం, కాదు. చర్మంలోని కణాల్లో పేర్చినట్టుండే సన్నటి పలకల మీద వెలుతురు పడి తిరిగి రావడం వల్ల అలా కనిపిస్తుంది. వెనక భాగంలో నారింజ, పసుపు మాత్రం పిగ్మెంటే. అందులో కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలను చేప తనంతట తాను తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అడవిలో దానికి అవి చిన్న చిన్న రొయ్య జాతి పురుగుల నుంచి, నాచు నుంచి దొరుకుతాయి. షాపతను చెప్పిన కలర్ ఫుడ్ పని చేసేది ఈ వెనక సగం మీదే. అదీ చేప ఈడుకొచ్చాక. పసి చేపకి ఎంత పెట్టినా రాదు.

మీరు కొన్నప్పుడు అవి ఎంత పొడుగున్నాయో చెప్పలేదు. షాపుల్లో మామూలుగా మూడు, నాలుగు సెంటీమీటర్లవి అమ్ముతారు. ఆ సైజులో ఆడా మగా రెండూ వెండి రంగే, ఒళ్లు సన్నం. అయిదు సెంటీమీటర్లు దాటాక మగవాటి తోక వైపు పసుపు మొదలవుతుంది. ఏడాది దాటాక గానీ ఫోటోలో ఉన్న చేప తయారు కాదు. అప్పటికి మగది తొమ్మిది, పది సెంటీమీటర్లు అవుతుంది, వీపు ఎత్తుగా లేచి, తల దానికి సరిపోనట్టు చిన్నగా కనిపిస్తుంది. ఆడది కొంచెం చిన్నది, జీవితాంతం వెండి మీద లేత పసుపు గీతలతోనే ఉంటుంది. కాబట్టి మీ ఆరింట్లో మూడు ఆడవైతే అవి ఎప్పటికీ ఇంతే. ఈ చేప షాపుల్లో సరిగ్గా అమ్ముడుపోకపోవడానికి కారణం కూడా ఇదే. పక్క తొట్టిలో నియాన్ టెట్రా మెరుస్తుంటే ఈ బూడిద రంగు పిల్లను ఎవరు కొంటారు?

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. మూడు సెంటీమీటర్ల పిల్లకి పూర్తి రంగు కనిపిస్తే నేను కొనను. రంగు తొందరగా తేవడానికి కొన్ని ఫారాల్లో హార్మోన్ కలిపిన మేత పెడతారన్న మాట ఈ హాబీలో పాతదే. అలాంటి చేప ఇంటికొచ్చాక రంగు పోగొట్టుకుంటుంది, పిల్లలు పెడుతుందన్న నమ్మకమూ ఉండదు. మీకు రంగు లేనివి ఇచ్చారంటే ఒక రకంగా అది మంచి గుర్తే.

ఆడ మగ ఎలా తెలుసుకోవాలంటే, చేప కదలకుండా నిలబడినప్పుడు వీపు మీది మొదటి రెక్క చూడండి. మగదానికి ఆ రెక్క మడిచి పెట్టినప్పుడు దాని కొస వెనక రెక్క మొదలును దాటి దాని మీద ఆనుతుంది. ఆడదానికి అంత పొడుగు ఉండదు, మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. వెనక రెక్క, కింది రెక్క చివర్లు కూడా మగదానికి మొనదేలి, ఆడదానికి గుండ్రంగా ఉంటాయి. అయిదు సెంటీమీటర్ల దగ్గర నుంచి ఇది బాగానే పట్టిస్తుంది.

వయసు ఒక్కటే సరిపోదు. ఈడొచ్చిన మగ కూడా ఒంటరిగా పెడితే వెలవెలబోతుంది. దాని రంగు మనకోసం కాదు, ఆడదాన్ని పిలవడానికి, ఎదుటి మగదాన్ని బెదిరించడానికి. పొద్దున్నే చూడండి. గదిలోకి వెలుతురు వచ్చిన మొదటి గంటలో రెండు మగవి పక్కపక్కన నిలబడి రెక్కలన్నీ విప్పి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. ముందు సగం ముదురు నీలంలోకి దిగుతుంది, వెనక సగం మంటలా అవుతుంది. ముక్కు దగ్గర నుంచి నుదురు మీదుగా వీపు రెక్క దాకా ఒక లేత పట్టీ వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. ఆడది దగ్గరికి వచ్చిందా, ఆ పట్టీ ఇంకా జోరుగా కొట్టుకుంటుంది. కొరుక్కోవడం చాలా తక్కువ, అంతా ప్రదర్శనే. పది గంటలకి మీరు టీ తాగుతూ చూస్తే అదే చేప సగం చల్లారిపోయి ఉంటుంది. ఈ చేపకి రంగు లేదనే వాళ్లలో చాలామంది ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పూటే చూస్తారు.

అందుకే ఎనిమిది, పది చేపలు ఉండాలి. అందులో కనీసం మూడు మగవి, మగవాటి కన్నా ఆడవి ఎక్కువ ఉంటే మేలు. రెండే మగవి ఉంటే ఓడింది ఎప్పుడూ మూలకి నక్కి ఉంటుంది. మూడు, నాలుగు ఉంటే పోటీ ఎటూ తేలక అన్నీ రంగు పట్టి ఉంచుతాయి.

పది చేపలంటే మీ రెండడుగుల ట్యాంక్ కుదరదు. ఇది అటూ ఇటూ ఆగకుండా ఈదే చేప, ఎత్తు కన్నా పొడుగు కావాలి. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే సుమారు 240 లీటర్లు పడుతుంది. పది బోసెమానీలకి నేను చెప్పే సైజు ఇదే. ఇవి అయిదేళ్ల పైన బతుకుతాయి, బాగా చూసుకుంటే ఏడెనిమిదేళ్లు. ఆ లెక్కన ట్యాంక్ ఖర్చు పెద్దదేం కాదు. మూత మాత్రం తప్పనిసరి. భయపడినా, ఒకదాన్ని ఒకటి తరిమినా పైకి ఎగురుతాయి. ఫిల్టర్ పైపు కోసం వదిలిన సందులోంచి కూడా దూకిపోతాయి, ఆ సందును స్పాంజ్ ముక్కతో మూసెయ్యండి.

అడుగున నల్ల ఇసుక గానీ ముదురు రంగు సన్న గులకరాళ్లు గానీ వెయ్యండి. తెల్ల గులకరాళ్ల మీద ఏ చేపైనా పాలిపోతుంది. వెనక అద్దానికి నల్ల కాగితం అంటించండి. మొక్కలు వెనకా పక్కలా దట్టంగా, ముందు భాగం ఈతకి ఖాళీగా ఉంచండి. వాలిస్నేరియా గట్టి నీళ్లలో బ్రహ్మాండంగా పెరుగుతుంది, నీళ్లలోని బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు. జావా ఫెర్న్, జావా మాస్ కూడా ఇబ్బంది పెట్టవు. చెరువులో హైడ్రిల్లా ఊరికే దొరుకుతుంది కానీ దాంతోపాటు తూనీగ పిల్లపురుగులు వస్తాయి, అవి చేపపిల్లలను తినేస్తాయి. తెస్తే వేరే తొట్టిలో రెండు వారాలు ఉంచి, కడిగి వెయ్యండి.

లైటు విషయంలో నా సలహా కొంచెం వింతగా అనిపించవచ్చు. నీలం రంగు వెలుతురు తిరిగి రావడం వల్ల కనిపిస్తుందన్నాను కదా, అందుకే లైటు సరిగ్గా నడినెత్తిన ఉంటే మన కంటికి ఆ నీలం అందదు, బూడిదగా కనిపిస్తుంది. లైటును ముందు అద్దం వైపు జరపండి. వీలైతే పొద్దుటి ఎండ ఒక అరగంట ఏటవాలుగా ట్యాంక్ మీద పడేలా పెట్టండి. నాచు కొంచెం ఎక్కువ పడుతుంది, గీకుదాం, పర్లేదు. రోజుకి పది గంటలు చాలు. చీకట్లో ఒక్కసారిగా లైటు వెయ్యకండి, ముందు గది వెలుగు రానిచ్చి తర్వాత వెయ్యండి. లేకపోతే బెదిరి అద్దానికి కొట్టుకుంటాయి.

నీళ్ల దగ్గర చాలామంది టీడీఎస్ మీటర్ ఒకటి కొని అదే చూస్తారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన మొత్తం, అందులో కాల్షియం ఎంత, ఉప్పు ఎంత అన్నది అది చెప్పదు. జీహెచ్ (నీళ్ల గట్టితనం), కేహెచ్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం), పీహెచ్ (ఆమ్లమా క్షారమా అన్న కొలత), చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియా, అది మారగా వచ్చే నైట్రైట్, నైట్రేట్ కొలిచే కిట్ తీసుకోండి. పీహెచ్ 7 నుంచి 8 మధ్య, జీహెచ్ 8 నుంచి 20 మధ్య ఎక్కడున్నా బోసెమానీకి సమస్య లేదు. దాన్ని ఎక్కువా తక్కువా చెయ్యడానికి మందులు పొయ్యకండి, స్థిరంగా ఉండడమే దానికి కావాలి. నైట్రేట్ మాత్రం బోర్ నీళ్లలోనే ఎక్కువ ఉండొచ్చు, పొలాలు, డ్రైనేజీలు దగ్గరున్న చోట మరీను. ట్యాంక్ నీళ్లు కొలిచేముందు కుళాయి నీళ్లు కొలవండి. అక్కడే నైట్రేట్ లీటరుకి 40 మిల్లీగ్రాములు దాటి ఉంటే ఎన్ని వాటర్ ఛేంజ్‌లు చేసినా తగ్గదు. అప్పుడు మాత్రం మున్సిపల్ నీళ్లు కలపాలి, క్లోరిన్ పోగొట్టి.

క్షార నీళ్లలో ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియా తక్కువ పీహెచ్‌లో ఎక్కువగా అమ్మోనియంగా ఉండి అంత హాని చెయ్యదు. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే విషపు అమ్మోనియా వాటా దాదాపు పది రెట్లు అవుతుంది. అందుకే కొత్త ట్యాంక్‌లో ఒకేసారి పది చేపలు వెయ్యడం, ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద శుభ్రంగా ఉతికెయ్యడం, ఈ రెండూ మన నీళ్లలో చేపలను చంపుతాయి. స్పాంజ్‌లో అమ్మోనియాను తినేసే మంచి బ్యాక్టీరియా ఉంటుంది, అందుకే స్పాంజ్‌ను ట్యాంక్ నుంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి. కొత్త ట్యాంక్ పెట్టాక ఇప్పుడున్న ఫిల్టర్‌ను కూడా దాంట్లో కొన్నాళ్లు నడపండి, బ్యాక్టీరియా పాకుతుంది. వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి. నీళ్లు మార్చిన మర్నాడు పొద్దున మగవాటి రంగు చూడండి, ఏ కలర్ ఫుడ్డూ చెయ్యని పని అది చేస్తుంది.

వేడి: 24 నుంచి 28 డిగ్రీలు సుఖం. హైదరాబాద్ చలికాలంలో రాత్రులు ట్యాంక్ నీళ్లు ఇరవైకి దిగుతాయి, హీటర్ 25 దగ్గర పెట్టండి. కోస్తాలో ఉండేవాళ్లకి చాలా చోట్ల హీటరే అక్కర్లేదు. అసలు గండం ఏప్రిల్, మేలో. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. పైన నీళ్లు కదిలేలా ఫిల్టర్ మూతిని ఎత్తి పెట్టండి, ఎయిర్ పంప్ ఆన్ చెయ్యండి, మూత బదులు సన్నటి వల కప్పి చిన్న ఫ్యాన్ తిప్పండి. మేత సగానికి తగ్గించండి. మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంక్ నీళ్లు మాత్రం పట్టకండి, అవి చెయ్యి కాలేంత ఉంటాయి. తెల్లవారుజామున పట్టి పెట్టుకోండి. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి దగ్గరుంటే టెన్షన్ ఉండదు.

తిండి గురించి చెప్పాలంటే, నోరు చూసి మోసపోకూడదు. బయటికి వెడల్పుగా కనిపిస్తుంది గానీ గొంతు ఇరుకు. పెద్ద పెల్లెట్ నోట్లోకి తీసుకుని, ఉమ్మి, మళ్లీ తీసుకుని అవస్థ పడుతుంటాయి. ఒక మిల్లీమీటర్ పెల్లెట్లు గానీ నలిపిన ఫ్లేక్స్ గానీ వెయ్యండి. అందులో స్పిరులినా అనే నాచు ఉన్నది ఒకటి, రొయ్య పొడి ఉన్నది ఒకటి మార్చి మార్చి ఇస్తే వెనక నారింజకి కావలసిన కెరోటినాయిడ్లు అందులోనే వచ్చేస్తాయి, కలర్ ఫుడ్ అని విడిగా కొనే పనిలేదు. వారానికి రెండుసార్లు మొయినా, డాఫ్నియా, ఆర్టీమియా లాంటి చిన్న చిన్న రొయ్య జాతి నీటి పురుగులు వెయ్యండి. మిద్దె మీద బకెట్లో దొరికే దోమ లార్వాలను ఇవి ఎంత ఇష్టంగా తింటాయో చెప్పలేను. కాకపోతే లెక్కగా వెయ్యండి, మిగిలితే ఇంట్లోనే దోమలవుతాయి. ట్యూబిఫెక్స్ నేను పెట్టను. అది మురుగు కాలవల్లో పెరిగే పురుగు, జబ్బు దానితోపాటే వస్తుంది. వారంలో ఒక రోజు పస్తు ఉంచినా మంచిదే. ఇవి తిండిపోతులు, లావెక్కి పొట్ట వేలాడేసుకున్న బోసెమానీలను చాలా ఇళ్లలో చూస్తాం.

జబ్బుల్లో రెయిన్‌బోలను పట్టి పీడించేది మైకోబ్యాక్టీరియా. చేప బాగానే తింటూ చిక్కిపోతుంది, వెన్ను వంకరవుతుంది, ఒంటి మీద మానని పుండ్లు వస్తాయి. నమ్మకమైన మందు లేదు. అలాంటిది కనిపిస్తే వెంటనే వేరు చెయ్యండి. ఇది మనుషులకి కూడా చేతి గాయాల ద్వారా అంటుకోగలదు. వేలు తెగి ఉన్నప్పుడు ట్యాంక్‌లో చెయ్యి పెట్టకండి, పెట్టాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోండి. చెయ్యి మీద పుండు వారాల తరబడి మానకపోతే డాక్టర్‌కి చేపల తొట్టి సంగతి తప్పకుండా చెప్పండి. ఫిల్టర్ పైపుతో నోట్లోకి నీళ్లు పీల్చే అలవాటుంటే ఈ రోజే మానెయ్యండి. కొత్తగా కొన్న చేపలను నెల రోజులు వేరే తొట్టిలో ఉంచి గానీ కలపకండి.

తోడుగా ఏం వెయ్యొచ్చు అని కూడా అడిగారు. అడుగున తిరిగే కోరిడోరస్, బ్రిసిల్‌నోస్ చేపలు, పెద్ద సైజు బార్బ్‌లు సరిపోతాయి. గప్పీలు వద్దు, మేత దగ్గర వీటి వేగానికి అవి ఆగలేవు. బెట్టా, ఏంజెల్ లాంటి నిదానస్తులకి వీటితో మనశ్శాంతి ఉండదు. వేరే రెయిన్‌బోలు వెయ్యాలని అందరికీ అనిపిస్తుంది. సెంటాని సరస్సు ఎర్ర రెయిన్‌బో, కుటుబు సరస్సు నీలం రెయిన్‌బో, మంబరామో నది వైపు చిన్న నియాన్ రెయిన్‌బో, అన్నీ కలిపి వేస్తే చూడ్డానికి పండగే. పిల్లలు చెయ్యాలని లేకపోతే అలాగే వెయ్యండి. చెయ్యాలనుంటే మాత్రం ఒక్క జాతే ఉంచండి. అడవిలో ఎప్పుడూ కలుసుకోని ఈ చేపలు తొట్టిలో కలిస్తే సులువుగా జత కడతాయి. ఆ పిల్లలు చిన్నప్పుడు అన్నీ వెండి రంగే కాబట్టి ఎవరూ గుర్తుపట్టరు, బోసెమానీ అనే పేరుతో బజారుకి వెళ్లిపోతాయి. సొంతూళ్లోనే ప్రమాదంలో పడ్డ జాతిని కనీసం మన తొట్టిలోనైనా శుద్ధంగా ఉంచితే బాగుంటుంది.

పిల్లలు చెయ్యడం కష్టం కాదు, ఓపిక కావాలి. ఒక మగ, రెండు ఆడవాటిని చిన్న తొట్టిలో వేసి, ముదురు ఆకుపచ్చ ఊలుతో కుచ్చు కట్టి నీళ్లలో వేలాడదియ్యండి. ఆక్రిలిక్ ఊలు అయితే కుళ్లదు, ముందు వేడినీళ్లలో ఉడికించి రంగు వదలట్లేదని చూసుకోండి. ఆడది ఒకేసారి వందలు పెట్టదు, రోజూ పొద్దున కాసిని చొప్పున చాలా రోజులు పెడుతుంది. కుచ్చు తీసి వెలుతురుకి పట్టుకుంటే గుడ్లు దారాలకి అంటుకుని గాజు పూసల్లా కనిపిస్తాయి, ఒక్కోటి మిల్లీమీటర్ ఉంటుంది. ఒక్కో గుడ్డుకి జిగురు పోగు ఉంటుంది, దాన్ని పట్టి లాగితే గుడ్డు పగలకుండా వస్తుంది. గుడ్డు పొర గట్టిది, వేళ్లతో తీయొచ్చు. తెల్లబడ్డవి పారేసి మిగతావి వేరే డబ్బాలో, పెద్ద తొట్టి నీళ్లలోనే ఉంచండి. మూడు నాలుగు రోజులకి లోపల రెండు నల్ల చుక్కలు కనిపిస్తాయి, అవి కళ్లు. 27 డిగ్రీల దగ్గర వారం అటూ ఇటూగా పొదుగుతాయి.

పిల్లల దగ్గరే చాలామంది ఓడిపోతారు. అవి సన్నటి జుట్టు ముక్కల్లా నీటి పైపొరకి అంటుకుని తిరుగుతాయి, నోరు మరీ చిన్నది. మొదటి పది రోజులు ఆర్టీమియా పిల్ల కూడా వాటికి పెద్దదే. పచ్చ నీళ్లు (సూక్ష్మ నాచు పెరిగినవి), ఇన్ఫ్యూజోరియా (నీటిలోని సూక్ష్మజీవులు), వెనిగర్ ఈల్స్ (సన్నటి దారంలాంటి పురుగులు) ఇవ్వండి. మైక్రోవార్మ్ అనే చిన్న పురుగు అడుగుకి మునిగిపోతుంది, ఇవి అడుగుకి రావు. మెత్తటి పొడి మేత అయితే నీటి మీద తేలేలా చిటికెడు చిటికెడు, రోజుకి నాలుగైదు సార్లు. నాచు ముద్ద ఒకటి తొట్టిలో ఉంటే దాంట్లో ఉండే సూక్ష్మజీవులు మీరు మర్చిపోయిన పూట ఆదుకుంటాయి. పెరుగుదల మొదట్లో చాలా నెమ్మది, రెండో నెల దాకా విసుగొస్తుంది. సైజు తేడా వచ్చినప్పుడు పెద్దవాటిని వేరు చెయ్యండి, లేకపోతే చిన్నవాటికి మేత అందదు.

ప్రస్తుతానికి మీరు చెయ్యాల్సింది ఈ వరసలో. ముందు కుళాయి నీళ్లు, ట్యాంక్ నీళ్లు విడివిడిగా కొలవండి. తర్వాత నాలుగడుగుల ట్యాంక్ ఏర్పాటు చేసి పాత ఫిల్టర్‌తో సహా ఈ ఆరింటినీ మార్చండి. నెల తర్వాత నీళ్లలో అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉన్నాయని చూసుకుని ఇంకో నాలుగు తెచ్చి, వేరే తొట్టిలో నెల గడువు పూర్తయ్యాక కలపండి. వాటిని కొనేముందు ఇప్పుడున్నవాటిలో ఆడ ఎన్నో మగ ఎన్నో తెలియాలి. చేపలు పక్కకి తిరిగి నిలబడి, వీపు మీది రెండు రెక్కలూ కనిపించేలా పొద్దుటి పూట ఫోటోలు తీసి, కొలిచిన రీడింగులతో కలిపి పెట్టండి. ఏవి తేవాలో చూసి చెప్తాను.